ఏరియేటర్ చప్పుడు ఆగితే

నీళ్ళ చప్పుడు వింటే మూత్రం వస్తుందని చాలామంది అంటారు. కుళాయి తిప్పిన శబ్దానికి వస్తుంది, వాన మొదలైతే వస్తుంది. నాకు మాత్రం నీళ్ళ చప్పుడు ఆగిపోతే వచ్చేది.

కొత్తపట్నం దగ్గర, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. కలిపి నాలుగున్నర ఎకరాలు. పద్నాలుగేళ్ళుగా పంట ఉన్నన్ని రోజులూ నా రాత్రులు ఆ గట్టు మీద రేకుల షెడ్డులోనే. పొద్దుపోయాక అక్కడ వినపడేది చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల రెక్కలు నీటిని కొట్టే చప్పుడు ఒక్కటే. అది సాగుతున్నంతసేపూ రొయ్యకు ఊపిరి ఆడుతున్నట్టు. కరెంటు పోయి అది ఆగిందంటే, జనరేటర్ అందుకునేదాకా గట్టు మీద ఎవరికీ ఊపిరి ఆడదు. అరవై రోజులు దాటిన పంటలో గంట ఆలస్యమైతే రొయ్య పైకి తేలుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే తెల్లవారేసరికి అంచుల వెంబడి తెల్లగా ఏం పేరుకుని ఉంటుందో రొయ్యల రైతుకు చెప్పనక్కరలేదు.

2025 ఆగస్టు నుంచి ఆ చప్పుడు ఆగిన మరుక్షణం నాకు పొత్తికడుపులో పిడికిలి బిగించినట్టయ్యేది. ఆపుకోవడానికి వ్యవధి ఉండేది కాదు. జనరేటర్ దగ్గరికి పరిగెత్తాల్సినవాడిని తుమ్మచెట్టు చాటుకు పరిగెత్తేవాడిని. రెండుసార్లు చెట్టుదాకా కూడా వెళ్ళలేకపోయాను. చీకట్లో లుంగీ మార్చుకుని, తడిసిన లుంగీని కాలువలో జాడించి, తెల్లారాక మా ఆవిడ అడిగితే చెరువులో దిగానని చెప్పాను. నాకప్పుడు 46 ఏళ్ళు.

మన భాషలో ఒక మాట ఉంది: భయానికి ఉచ్చ పోసుకున్నాడు అని. చిన్నప్పటి నుంచి దాన్ని నవ్వుకోవడానికే వాడుకున్నాం. పిరికివాడికి పెట్టిన పేరు అది. ఎవరికి చెప్పినా ఆ మాటే వాళ్ళ మనసులో మెదులుతుందని నాకు తెలుసు. అందుకే మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఈ గట్టు మీదో, పొగాకు బ్యారన్ దగ్గరో, గ్రానైట్ క్వారీలోనో నాలాగే లుంగీ జాడించుకుంటున్న మనిషి ఒకడు ఉండే ఉంటాడు. ఇది అతని కోసం రాస్తున్నాను.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. 2024లో 58 రోజుల పంట తెల్లమచ్చ తెగులుతో పోయింది. మేత బాకీ, రొయ్య పిల్లల బాకీ, చేబదులు అన్నీ కలిపి పదకొండు లక్షలు మెడకు చుట్టుకున్నాయి. అందులో నాలుగు లక్షల సంగతి ఇంట్లో తెలియదు. 2025 వేసవి పంట బాగా వచ్చింది, తీర్చేయవచ్చు అనుకుంటుండగా ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి కొత్తపట్నం! రొయ్య పట్టుబడి పెట్టుకున్న వారంలోనే కొనేవాళ్ళ గొంతు మారిపోయింది. వచ్చిన ధరకు అమ్మేసి, సెప్టెంబరులో మళ్ళీ పిల్ల వేశాను. వేయకపోతే బాకీ తీరే దారి లేదు, వేస్తే నిద్ర లేదు.

పగలు కూడా మొదలైంది. గంటకోసారి, ఒక్కోసారి అరగంటకోసారి. వెళ్ళి నిలబడితే వచ్చేది చారెడు. వెళ్ళొచ్చి మంచం మీద కూర్చోగానే ఇంకా మిగిలి ఉందన్న భావన. ఒంగోలు వెళ్ళాలంటే దారిలో ఎక్కడ ఆగవచ్చో మనసులో ముందే పటం గీసుకునేవాణ్ణి. బయలుదేరే ముందు వచ్చినా రాకపోయినా ఒకసారి, బండి ఎక్కే ముందు ఇంకోసారి. వేడి చేసింది అనుకుని బార్లీ నీళ్ళు తాగాను, సబ్జా గింజలు తాగాను. తగ్గకపోయేసరికి అసలు నీళ్ళే మానేశాను. అది ఇంకా పెద్ద తప్పు. మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగి, మంట మొదలైంది. చిక్కబడిన మూత్రం మూత్రాశయం గోడను మరింత చికాకు పెడుతుందని అప్పటికి నాకు తెలియదు. నీళ్ళు మానేసిన నేను టీ మాత్రం మానలేదు. ఫ్లాస్కు నిండా తెచ్చుకుని రాత్రంతా ఐదారు కప్పులు తాగేవాణ్ణి.

అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చింది. ఆ సాయంత్రం నుంచే కరెంటు లేదు. రేకుల మీద వాన, పక్కన జనరేటర్ రొద, డీజిల్ ఎంత మిగిలిందో టార్చి వేసి చూసుకోవడం. వాన నీరు పైపొరలా చేరి ఉప్పదనం పడిపోతుందేమోనని ఒక దిగులు, గట్టు తెగుతుందేమోనని ఇంకో దిగులు. ఆ రాత్రి పదకొండుసార్లు లేచాను. పదకొండోసారి బయట వానలో నిలబడి ఉంటే చెరువు దగ్గర కాపలా ఉండే అబ్బాయి గొడుగు పట్టుకుని వచ్చాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. "అన్నా, మీకు ఒంట్లో బాగాలేదు. నాన్నకు సుగర్ వచ్చిన కొత్తలో ఇలాగే లేచేవాడు. చూపించుకోండి," అన్నాడు. మూడు నెలలుగా వాడు లెక్కపెడుతూనే ఉన్నాడన్నమాట. నాకు ఏడుపు వచ్చింది. వాన కాబట్టి వాడికి తెలియలేదు.

నవంబరు మొదటి వారంలో ఒంగోలులో మూత్రకోశ వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. మూత్ర పరీక్ష, కల్చర్, సుగర్, క్రియాటినిన్, పొట్ట స్కానింగ్ రాశారు. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగారు. ఇప్పటికీ అది నా చెవిలో ఉంది.

"మూత్రం వచ్చి మెలకువ వస్తోందా? మెలకువ వచ్చాక మూత్రం గుర్తొస్తోందా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచిస్తే, ఒక్క రాత్రి కూడా నన్ను మూత్రం లేపలేదు. ఫోను లేపింది, ఏరియేటర్ ఆగడం లేపింది, ఏదీ లేకపోయినా బాకీ లేపింది. కళ్ళు తెరిచాకే పొత్తికడుపు పిలిచింది.

ఆ తర్వాత మూత్రధార పరీక్ష. లీటరు నీళ్ళు తాగించి, గట్టిగా వచ్చినప్పుడు చెప్పమన్నారు. చిన్న గది, అందులో గరాటు బిగించిన పరికరం. అందులో పోస్తే సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల చొప్పున వస్తోందో కాగితం మీద గీత పడుతుంది. పరీక్ష చేసే అబ్బాయి తెర అవతల నిలబడి, "కానివ్వండి సార్, ఇంకా ముగ్గురున్నారు," అన్నాడు. అంతే. పొత్తికడుపు రాయిలా ఉంది, లోపల అరలీటరు ఉన్నట్టుంది, చుక్క రావడం లేదు. గట్టు మీద చెట్టుదాకా ఆగనిది ఇక్కడ ఎనిమిది నిమిషాలైనా కదలదు. చెమటలు పట్టాయి. బయటికి వచ్చి, రావడం లేదని చెప్పేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

డాక్టరు గారు లేచి వచ్చారు. ఆ అబ్బాయిని పక్క గదికి పంపి, నన్ను వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడవమన్నారు. తలుపు వేసుకోండి, ఎవరూ రారు, ఎంతసేపైనా పట్టనివ్వండి అన్నారు. ఈసారి వచ్చింది. 340 మిల్లీలీటర్లు. ధార ఎక్కువలో ఎక్కువ సెకనుకు 19. గంట ఆకారంలో నున్నగా పైకి వెళ్ళి కిందికి దిగిన గీత. ఆ కాగితం నా ముందు పెట్టి, "ఇందాకటి పావుగంటలో మీ మూత్రాశయానికి జబ్బు వచ్చి పోయిందా?" అని అడిగారు.

ఆయన తెల్లకాగితం మీద బొమ్మ గీశారు. నేను బీఎస్సీలో జంతుశాస్త్రం చదివినవాణ్ణే గానీ, నాకు అర్థమైంది చెరువు లెక్కలోనే. మూత్రాశయం ఒక చెరువు. గోడ కండరంతో చేసింది. కిందికి తూము, తూముకు రెండు షట్టర్లు. లోపలి షట్టర్ మన చేతిలో ఉండదు. బయటి షట్టర్ మన చేతిలో ఉంటుంది. చెరువు నిండుతున్నంతసేపూ నడుము దగ్గరి నుంచి వచ్చే నరాలు గోడను వదులుగా, లోపలి షట్టర్‌ను మూసి ఉంచుతాయి. 150, 200 మిల్లీలీటర్ల దగ్గర మొదటి కబురు మెదడుకు వెళ్తుంది. పెద్దవాళ్ళ మూత్రాశయం 400, 500 దాకా పట్టుకోగలదు. ఇప్పుడు కాదు, కాసేపు ఆగు అని చెప్పేది నుదుటి వెనక మెదడు. వదలమని ఆజ్ఞ ఇచ్చేది మెదడు కాండంలో గింజంత చోటు. పిల్లుల మీద ప్రయోగాలు చేసి దాన్ని 1925లో కనిపెట్టిన బారింగ్టన్ పేరే ఆ చోటుకు ఉంది. ఆజ్ఞ రాగానే వెన్నెముక చివరి నరాలు గోడను బిగిస్తాయి, షట్టర్లు వదులవుతాయి, చెరువు ఖాళీ అవుతుంది.

ఇంటికి వచ్చి ఆ బారింగ్టన్ చోటు గురించి ఫోనులో చదివాను. మనిషిని ఉలిక్కిపడేలా, చెవులు రిక్కించేలా చేసే నరాల గుంపు ఒకటి దాని పొరుగునే ఉంది. ఆపద వచ్చినప్పుడు మెదడు విడుదల చేసే రసాయనం ఒకటుంది, సీఆర్‌ఎఫ్ అంటారు. బారింగ్టన్ చోటులోని నరకణాలు కూడా అదే రసాయనాన్ని వాడుకుంటాయి. అది చదివాక చాలాసేపు ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. భయమూ మూత్రమూ ఒకే ప్రహరీలో కాపురం ఉంటున్నాయి. ఒక ఇంట్లో కేక వేస్తే రెండో ఇంట్లో వినపడకుండా ఎలా ఉంటుంది?

అయితే అదే భయం ఆస్పత్రి గదిలో ఎందుకు బిగించేసింది? ఒకడు చూస్తున్నాడు, ఒకడు వింటున్నాడు అన్న బెరుకు కలిగితే నడుము నరాలు లోపలి షట్టర్‌ను గట్టిగా మూసి ఉంచుతాయి, బయటి షట్టర్‌ను మనమే తెలియకుండా బిగపడతాం. నలుగురిలో మూత్రం పోయలేకపోవడానికి 1954లోనే పారూరెసిస్ అని పేరు పెట్టారు. నేను ఒక్కణ్ణే కాదని తెలిసిన మొదటి రోజు అది. ఒకే మనిషికి ఒకే నెలలో రెండూ రావచ్చు, నాకు వచ్చాయి. రోజంతా దిగులుతో కటి కండరాలు బిగబట్టి ఉంచితే, వెళ్ళినప్పుడు అవి పూర్తిగా వదలవు, ఇంకా మిగిలిందన్న భావన అక్కడి నుంచి కూడా వస్తుందట.

రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. సుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు, రాయి లేదు, ప్రొస్టేట్ 24 గ్రాములు, పోశాక మిగిలింది 30 మిల్లీలీటర్లే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దిగులు వల్లే అని ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చుకోకండి. పరీక్షలన్నీ అయ్యాకే ఆ మాట అనాలి. సుగర్ ఉన్నవాళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఎక్కువ ఎక్కువ వస్తుంది, నాలాంటివాళ్ళకు కొంచెం కొంచెం వస్తుంది. రక్తం కనిపించినా, జ్వరంతో మంట వచ్చినా, అసలు రాకుండా బిగిసిపోయినా ఆ రోజే వెళ్ళాలి. ఆగకూడదు.

మూడు రోజులు లెక్క రాసుకుని రమ్మన్నారు. ఎప్పుడు వెళ్ళారు, ఎంత వచ్చింది, ఏం తాగారు. లెక్కలు రాయడం నాకు కొత్త కాదు. నీటిలో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, మేత కిలోలు, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలిన మేత, ఇవన్నీ పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాను. గుర్తులున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొన్నాను. పాత చెరువు పుస్తకంలోనే ఎడమ పేజీలో చెరువు, కుడి పేజీలో నేను. మూడు రోజులు సరిపోలేదు నాకు, పన్నెండు రోజులు రాశాను.

ఆ పేజీలు ఇప్పుడు నా ముందున్నాయి. ఒక రాత్రి 1 గంట 10 నిమిషాలకు 70 మిల్లీలీటర్లు, ఎడమ పేజీలో "కరెంటు పోయింది". 1:35కు 40, "జనరేటర్ బెల్టు జారింది". 2:20కి 60, ఎడమ పేజీలో ఏమీ లేదు, మర్నాడు మేత కొట్టుకు డబ్బు కట్టాలి. అదే తెల్లవారుజామున నాలుగింటికి కన్ను మూతపడి ఏడింటికి లేస్తే 380. అదే మూత్రాశయం. నలభైకే ఆగలేనన్నది మూడు గంటల నిద్రలో 380 పట్టుకుంది.

పన్నెండు రోజుల్లో రెండు రోజులు నెల్లూరులో ఉన్నాను, మా మేనకోడలి పెళ్ళికి. అన్నయ్య చెరువు చూసుకుంటానని నన్ను బలవంతంగా పంపాడు. నెల్లూరు పేజీల్లో 310, 350, 290, 360. పగలు ఆరుసార్లు, రాత్రి ఒక్కసారి కూడా లేదు. పెళ్ళివారి ఇంట చేపల పులుసు తిన్నాను, నీళ్ళు మామూలుగా తాగాను, మూడు కాఫీలు కూడా తాగాను. పెన్నా వంతెన దాటి ఇటువైపు వస్తుంటే కాపలా అబ్బాయి ఫోను చేశాడు, ఊరికే, ఎక్కడిదాకా వచ్చారన్నా అని. ఆ రింగు వినగానే పొత్తికడుపు బిగిసింది. వాడు మాట్లాడింది కుశల ప్రశ్నే. ఒంటికి ఆ రింగు చాలు.

ఆ రోజే రింగు మార్చాను. చిన్న పనే గానీ, చేసినవాటిలో మొదట పనిచేసింది అదే.

మిగతావి నెమ్మదిగా పనిచేశాయి. టీ రెండు కప్పులకు తగ్గించాను, చీకటి పడ్డాక లేదు. నీళ్ళు మళ్ళీ మొదలుపెట్టి రోజుకు రెండు లీటర్ల దాకా, ఎక్కువ భాగం పగలే. ముందు జాగ్రత్తగా వెళ్ళడం మానేయడం అన్నిటికంటే కష్టమైంది. రాకపోయినా వెళ్తుంటే, యాభైకే వంద కబుర్లు పంపడం మూత్రాశయానికి అలవాటు చేస్తున్నామట. గంటకోసారి నుంచి మొదలుపెట్టి, వారానికి పదిహేను నిమిషాల చొప్పున ఎడం పెంచుకుంటూ వచ్చాను. ఒక నెల మాత్ర కూడా ఇచ్చారు, నోరు ఎండిపోయేది, మలబద్ధకం వచ్చింది, తర్వాత ఆపించారు. మాత్రతోనే నిలదొక్కుకునేవాళ్ళూ ఉంటారు, దాన్ని తప్పుపట్టను.

ఆపుకోలేనంతగా వచ్చినప్పుడు పరిగెత్తవద్దు అన్నారు. ఉన్నచోటే నిలబడు. గాలి పోకుండా బిగబట్టినట్టు కింది కండరాన్ని ఐదారుసార్లు చకచకా బిగించి వదులు. ఊపిరి నెమ్మదిగా వదులు. కెరటంలా లేస్తుంది, కెరటంలాగే విరుగుతుంది, విరిగాక నడిచి వెళ్ళు. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి కదా, ఈ ఒక్కటీ నాకు వెంటనే పట్టుబడింది. ఈ వ్యాయామాన్ని 1948లో కెగెల్ అనే అమెరికా డాక్టరు కాన్పులైన ఆడవాళ్ళ కోసం రాశాడు. మగవాళ్ళకూ పనికొస్తుంది.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆ జగ్గు ఆవిడకు దొరికింది. ఇక దాచలేక అంతా చెప్పాను. లుంగీ సంగతి చెప్పాను, నాలుగు లక్షలు కూడా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, "ఏమండీ, నేను ఎనిమిదేళ్ళుగా గుడ్డ పెట్టుకుంటున్నాను," అంది. దగ్గినా తుమ్మినా, బిందె ఎత్తినా కొంచెం పడుతుందట. రెండో కాన్పు తర్వాత మొదలైందట. ఎవరో నర్సు దాన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అన్నదట. ఇంట్లో బాధలెక్కువై స్ట్రెస్ వల్ల వచ్చిందేమో, నేను ధైర్యంగా ఉండాలేమో అనుకుని ఎనిమిదేళ్ళు మందు అడగలేదు.

ఆ మాట వల్ల ఎంతమంది ఇలా మోసపోయారో! అక్కడ స్ట్రెస్ అంటే మనసు మీది ఒత్తిడి కాదు. దగ్గు, తుమ్ము, బరువు వల్ల పొట్ట నుంచి మూత్రాశయం మీద పడే ఒత్తిడి. కింది కండరాలు సడలినందువల్ల ఆ ఒత్తిడికి మూత్రం జారుతుంది. నాది మనసు వల్ల వచ్చింది, ఆవిడది కండరం వల్ల వచ్చింది. ఆవిడ తనది మనసు వల్ల అనుకుంది, నేను నాది మూత్రాశయం జబ్బు అనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే బాత్రూము వాడుకుంటూ, ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం గుడ్డలు ఉతుక్కున్నాం.

బాకీ ఇంకా ఏడు లక్షలు ఉంది. డిసెంబరు పట్టుబడిలో కొంత తీరింది. నాలుగు లక్షల సంగతి చెప్పాక ఆవిడే మా బావమరిదితో మాట్లాడి వడ్డీ తక్కువ ఉన్నచోటికి మార్పించింది. నాకు ఇంకా పూర్తిగా నయం కాలేదు. ఈ పంటకు పిల్ల వేసిన మొదటి వారం మళ్ళీ పేజీల్లో 90లు, 110లు కనిపించాయి. మొన్న రాత్రి మాత్రం కరెంటు పోయినప్పుడు నేను షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాను. పిడికిలి బిగిసింది. ఐదు లెక్కపెట్టాను, పది లెక్కపెట్టాను. అవతల అబ్బాయి జనరేటర్ తిప్పాడు, రెక్కలు మళ్ళీ నీళ్ళను కొట్టడం మొదలుపెట్టాయి. అరగంట తర్వాత నడిచి వెళ్ళాను. కుడి పేజీలో 260.

గురువారం మా ఆవిడకు ఒంగోలులో డాక్టరమ్మ దగ్గర చూపించాలి. నేనూ వెళ్తున్నాను. పదింటి చెక్ ట్రే అబ్బాయే చూస్తానన్నాడు.